చిటికెన వేలు ఏ చేతిది

ఖచ్చితంగా తెలిసినవి ముందు చెబుతాను. మొయినాబాద్ దాటి చిన్న మంగళారం వెళ్లే దారిలో ఒక ఫామ్‌హౌస్ యజమాని తన గుర్రాల షెడ్డును పందెపు గుర్రాల చరిత్రకు మ్యూజియంగా మార్చాడు. వస్తువుల కింద పెట్టే చీటీలలో నిజమెంతో సరిచూసే పని నేను ఒప్పుకున్నాను. అక్కడొక పాత ఫొటో ఉంది. అందులో మేలుజాతి గుర్రం, పక్కన ఎడమచేత్తో కళ్లెం పట్టుకున్న సైసు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి. ఛాతీ మీద పెట్టుకున్న అతని కుడిచేతి చిటికెన వేలు సగమే కనిపిస్తుంది. ఇక విన్నమాట: ఆ సైసు తన తండ్రేనని ఎంకపల్లి నుంచి వచ్చిన ఒక అవ్వ అన్నది.

ఆమె దగ్గర తండ్రి ఫొటో మరొకటి లేదు.

"పేరు రాయి సారూ. పేరు లేకుంటే ఎవడో కూలోడు అనుకుంటరు. మా బాపు చిటికెన వేలు గుర్రమే కొరికింది, చూడు."

"ఏ చేతి వేలు అవ్వా?"

"అన్నం తినే చెయ్యి గాదు. ఇంకోటి."

అంటే ఎడమ అనుకున్నాను. ఫొటోలో ఉన్నది కుడి. తోసిపుచ్చబోతూ ఇంకొకటి గమనించాను. గుర్రాన్ని పట్టుకునేవాళ్లు సాధారణంగా దానికి ఎడమవైపు నిలబడతారు. ఇతడు కుడివైపు ఉన్నాడు. బహుశా ఫొటోను కుడిఎడమలు తారుమారయ్యేలా తిరగేసి అచ్చు వేశారు. అలాగైతే వేలు ఎడమచేతిది, మనిషి ఆమె తండ్రి.

ఈ మాట చెప్పగానే యజమాని ముఖం మాడిపోయింది. ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

"ఏంటండీ మీరు! పందేల రికార్డు ప్రకారం ఈ గుర్రానికి తెల్లమచ్చ ఎడమ వెనక కాలికే ఉండాలి, ఫొటోలో అక్కడే ఉంది. తిరగేస్తే కుడికాలికి పోతుంది. మనిషి కోసం నా గుర్రాన్నే మార్చేస్తారా?"

"నీ గుర్రానికి పేరున్నది, మా బాపుకు ఉండొద్దా?" అన్నది అవ్వ.

ఆయన వాదనలో తప్పు కనిపించలేదు. నా వాదనలోనూ కనిపించలేదు. రెండూ నిజం కావడానికి మాత్రం వీల్లేదు.

"ఎడమచెయ్యి అని నువ్వే అన్నావు కదా అవ్వా," అన్నాను.

"నేనెప్పుడన్న? తినే చెయ్యి గాదన్న. మా బాపు పుర్రచేత్తోనే తినేటోడు. మా నాయినమ్మ తిట్టి తిట్టి ఊకున్నది."

అంటే వేలు కుడిచేతిదే. ఫొటో తిరగబడలేదు, గుర్రమూ మారలేదు. ఎడమచేతి వాటం మనిషి గుర్రానికి అటువైపు నిలబడటం కూడా వింత కాదు. అన్నీ ఒక్కసారిగా సరిపోయాయి. నాకు నచ్చనిది అదే. మా తగాదా అంతా విన్న తర్వాతే ఆమె ఈ మాట చెప్పింది. అబద్ధమాడిందని అనను. కావలసిన దానివైపు జ్ఞాపకం తనంతట తానే ఒరుగుతుంది, ఆ సంగతి గుర్తుచేసుకునే మనిషికి తెలియదు.

చివరికి చీటీ మీద తండ్రి పేరు రాసి, "అని కూతురు చెప్పింది" అని చేర్చాను. చదివి వినిపించమన్నది.

"చెప్పింది ఏంది సారూ? నేను చెప్తే అయిండా మా బాపు?"

"రుజువు దొరికితే ఆ మాట తీసేస్తానవ్వా."

"ఏడ దొరుకుతది?" ఆమె ఫొటో అద్దానికి ముఖం ఆనించి కాసేపు చూసింది. "సరే, పేరన్న జర పెద్దగ రాయి. నాకు కండ్లు ఆనుతలేవు."

"గుర్రం పేరు కంటే పెద్దగానా!" అన్నాడు యజమాని. పెద్దగానే రాశాను.

ఆ సైసు ఏ చేత్తో అన్నం తినేవాడన్నది నాకింకా తేలలేదు. అతనితో కూర్చుని తిన్నవారిలో ఆమె ఒక్కతే మిగిలింది. ఏ జవాబు కావాలో ఆమెకు తెలియకముందే సూటిగా అడగవలసింది. ఆ అవకాశం ఇక లేదు.