గొలుసు కట్టిన బజారులో గాజుల అంగడి

సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు పురసభ (మునిసిపాలిటీ) మనిషి మా బజారు మొదట్లో అడ్డంగా ఇనుప గొలుసు కట్టాడు. పక్కన మనుషులు నడిచేందుకు సందు వదిలాడు. ఆ రోజు నుంచి పావగడ బజారులో సాయంత్రాలు బండ్లు తిరగకూడదు. బస్టాండు పక్కన ఖాళీ జాగాలో పెట్టి నడిచి రావాలి.

మాది గాజుల అంగడి. నా భార్య నడిపింది. ఆమె పోయి ఏడాదైంది. ఇప్పుడు కూతురు కూర్చుంటోంది. నేను ఒక మూల చదువుకుంటూ, అడిగినప్పుడు పెట్టెలు అందిస్తాను.

సోలారు కరెంటు కంపెనీలకు పొలాలు కౌలుకిచ్చాక, ఆ డబ్బుతో చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ మోటారు బండి వచ్చింది. బండి వచ్చాక దిగడం పోయింది. మగాయన ఇంజిన్ ఆపకుండా అంగడి ముందు నిలిపేవాడు. వెనక కూర్చున్నామె చెయ్యి చాపేది. నా భార్య చేతికి పట్టినన్ని గాజులు తీసుకుని, ఎండలో రోడ్డు మీద నిలబడి తొడిగేది. తొడిగేటప్పుడు గాజు పగిలితే నష్టం అంగడిదే. అది మా కట్టుబాటు. ఇంజిన్ అదురుకు రోజూ పగిలేవి.

"ఒక్క నిమిషం బండి ఆపుప్పా, నీ పెండ్లామేం దిగి పారిపోదు" అనేది. వాళ్లు నవ్వేవారు. ఆపేవారు కాదు.

గొలుసు చూసి కూతురు దిగులుపడింది. "బండే దిగనోళ్లు నడిచొస్తారా నాయనా? ఈ నెల చూస్తా. బేరం లేకుంటే మూసేస్తా."

నా భార్యది అంటూ నాకు మిగిలింది ఆ అంగడే.

మరుసటి శనివారం రాయచెర్లు రైతు ఒకాయన గొలుసు పక్క సందులోంచి బండి తోసుకుంటూ వచ్చాడు. భార్య వెనక సీటు మీద సంచీ పట్టుకుని దర్జాగా కూర్చునే ఉంది. ఆయన చొక్కా తడిసిపోయింది. పురసభ మనిషి వెంటబడ్డాడు.

"బండి తేకూడదంటే అర్థం కాదాప్పా?"

"ఇంజిన్ ఆపినా కదప్పా! పొగ ఉండాదా? సద్దుండాదా? ఇంకేంది నీకు?"

"మరి ఆయమ్మ?"

"ఆయమ్మ దిగదు. పెండ్లయినప్పట్నుంచీ అంతే."

బజారంతా నవ్వింది. మా అంగడి ముందుకు రాగానే ఆమె అలవాటుగా చెయ్యి చాపింది. కూతురు గాజులు తీసుకుని లేచింది. గడప దాకా వెళ్లి ఆగిపోయింది.

"దిగక్కా. మా అమ్మ ఎండలో నిలబడింది చాలు. నువ్వే లోపలికి రా."

ఆమె మొగుడి వైపు చూసింది. తర్వాత దిగింది. లోపల చాప మీద కూర్చుని గోడలన్నీ కలయజూసింది.

"ఇన్ని రకాలుండాయా ఈడ? ఇన్నేండ్లూ మీ అమ్మ చేతిలో ఉండేవే చూసినా కదమ్మా!"

ఒక్కొక్క పెట్టె దించమంది. బయటి నుంచి మొగుడు "అయిందా?" అని అరిచాడు.

"పోయి టీ తాగిరా పో."

కాసేపటికి మళ్లీ అరిచాడు.

"ఇంకోటి తాగు."

బేరం పోతుందని రోజూ గొలుసును తిట్టే పక్క టీ అంగడాయన ఆ రోజే తిట్టడం మానేశాడు. మా అంగట్లో ఒక్క గాజూ పగల్లేదు.

ఆ తర్వాతి వారం ఆమె తన ఊరి ఆడవాళ్లను వెంటబెట్టుకుని నడిచి వచ్చింది. కూతురు ఇంకో చాప కొంది. మూసే మాట మళ్లీ రాలేదు. చాప మీద వాళ్ల మాటలు వింటున్నప్పుడు, నా భార్య కూడా ఇలా నీడలో కూర్చుని తొడిగి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఇప్పుడు మా బజారులో బండి మీద కూర్చున్నవాళ్లకు ఎవరూ గాజులు తొడగడం లేదు.