పెద్దసారు కుర్చీలో ఎలుగుబంటి

కొత్తగా ఉద్యోగం వచ్చిన ఆ రోజుల్లో, చేతిలో ఒక ట్యాబు ఉంటే ఎవరికైనా ఏదైనా నేర్పేయగలనని నాకు గట్టి నమ్మకం. సిరిసిల్ల నుంచి వచ్చి కోరుట్లలో ఒక చిన్న బడిలో చేరాను. నాలుగో తరగతిలో ఒక పాప ఉండేది, ముచ్చట్ల రాణి అనేవాళ్లం. నోరు తెరిస్తే కథలే కథలు. పెన్సిలు పడితే మాత్రం ఒక్క వాక్యం సాగేది కాదు, అక్షరాలు చోట్లు మార్చుకునేవి. దీన్ని డిస్లెక్సియా అంటారని జగిత్యాలలో జరిగిన శిక్షణలో విన్నాను. (ఆ శిక్షణలో నాకు బాగా గుర్తున్న రెండో సంగతి మిర్చి బజ్జీ.) ముందు బొమ్మలు వేయించి, కథను పిల్ల గొంతుతోనే రికార్డు చేసి, ఆ తర్వాత ఒక్కో బొమ్మ కింద ఒక్కో వాక్యం రాయించాలని అక్కడే చెప్పారు.

బొమ్మలూ గొంతూ చకచకా అయిపోయాయి. మా బడిలోకి ఎలుగుబంటి వచ్చి పెద్దసారు కుర్చీలో కూర్చోవడం కథ. ఎలుగుబంటికి నల్లరంగు పులిమింది నేనే. రాసే పని వచ్చేసరికి రాణి ఏదో సాకు చెప్పి తప్పించుకునేది. పోనీ ఇంట్లోవాళ్లయినా విని మురిసిపోతారని ఆ రికార్డును వాళ్ల నాయనమ్మ ఫోనుకు పంపాను. బీడీలు చుట్టే ఆ నాయనమ్మ మురిసిపోయి తనకున్న గ్రూపులన్నింటికీ పంపింది. తెల్లారి ప్రార్థన అయిందో లేదో, కొందరు కర్రలతో, కొందరు పళ్లేలు మోగిస్తూ బడిలో ఎలుగుబంటి దూరిందని అరుస్తూ వాడంతా గేటు ముందు నిలబడింది. ఎలుగుబంటి అన్న మాట చెవిన పడగానే పిల్లలను తరగతుల్లోకి తోలేసి, పెద్దసారు బియ్యం గదిలోకి దూరారు. ఆయన వెనకే నేనూ దూరి గడియ పెట్టాను.

కాసేపటికి తలుపు మీద చిన్న చప్పుడు, వెంటే రాణి గొంతు. "టీచర్, గా ఎలుగుబంటి మనదే. మీరే రంగేసిండ్రు గదా."

(బియ్యం బస్తా మీద కూర్చున్న పెద్దసారు అప్పుడు నన్ను చూసిన చూపు గురించి రాయకపోవడమే మంచిది.)

బయటికొచ్చి, ఫోన్లలో విన్నది ఉత్త కథేనని అందరికీ చెప్పుకున్నాం. ఇకనుంచి బడిలో ఈ ట్యాబు కథలు బందని పెద్దసారు తేల్చేశారు. నా ప్రాణం ఉసూరుమంది. ఆ పిల్ల చేత రాయించడానికి నాకు ఇంకో దారి తెలియదు. కానీ వచ్చినవాళ్లు కదిలితేనా! గుంపులోంచి నాయనమ్మ ముందుకొచ్చింది. "కుర్చీల కూసున్నంక ఏం జేసిందే? నడుమిట్ల ఇడిసిపెడితే ఎట్ల బిడ్డా?"

అంతమంది తనవైపే చూసేసరికి రాణికి మొదటిసారి నోరు పెగల్లేదు. ట్యాబు తీసుకుని మెట్ల మీద కూర్చుంది. ఒక్కో మాట కొట్టడం, ట్యాబు చేత పైకి చదివించుకోవడం, చెరపడం, మళ్లీ కొట్టడం. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి ట్యాబు గట్టిగా చదివింది: "ఎగులు సారుకు ఎక్కాలు చెప్పింది." (ఎలుగు కాస్తా ఎగులైంది. ఎవరికీ పట్టలేదు.) వాడంతా నవ్వింది. పెద్దసారు కళ్లద్దాలు పెట్టుకుని తానూ ఒకసారి చదువుకున్నారు. "ఎన్నో ఎక్కం జెప్పిందో గది గూడ రాయి" అన్నారు.

రాణి మళ్లీ తల వంచి రాయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నేను కాస్త అనుభవం గల టీచర్ని. పిల్లల కథలు శ్రద్ధగా విని, బాగున్నాయని మెచ్చుకుంటాను. కానీ తానే రంగులేసిన ఎలుగుబంటికి జడిసి గడియ పెట్టుకున్న ఆ కొత్త టీచరమ్మ నమ్మినంతగా మాత్రం నమ్మలేకపోతున్నాను.