గొర్రెలకు సూది వేసే చెయ్యి

మా ఆసుపత్రి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: కుర్చీ. నా గదిలో రెండు కుర్చీలున్నాయి. నాలుగు కాళ్లూ నేలకు ఆనేది నాది. వచ్చినవాళ్లు కూర్చునేదానికి ఒక కాలు అంగుళం పొట్టి. దాని కింద మందుల అట్టపెట్టె ముక్క మడిచి పెడతాను. మధ్యాహ్నానికల్లా అది జారిపోతుంది. కొత్తది కావాలని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మూడూ అందినట్లు సంతకం చేసి ఇచ్చారు. ఆ విషయంలో ఎవరినీ తప్పుపట్టలేను.

అది 2022 వేసవి. కళ్యాణదుర్గం దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో, షుగర్ క్లినిక్‌లో నేను కౌన్సెలర్‌ని. మందు రాయడం డాక్టరమ్మ పని. రాసిన మందు మనిషి ఎందుకు వేసుకోవడం లేదో కనుక్కోవడం నా పని. ఊళ్లోవాళ్లు నన్ను ‘మాటల డాక్టరు’ అంటారు. అందులో మొదటి మాట మాత్రమే నిజం.

తిప్పన్న గొర్రెలు మేపుతాడు. యాభై దాటినవాడు. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గిపోయింది. తుమ్మముల్లు దిగిన సంగతి సాయంత్రం చెప్పు రక్తంతో తడిసి కనిపిస్తే గానీ తెలియలేదు. ఆ పుండు మానలేదు. హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్ష చేయించి, ఇక మాత్రలు చాలవు, ఇన్సులిన్ మొదలుపెట్టకపోతే పాదం తీసేయాల్సి రావచ్చని డాక్టరమ్మ చెప్పారు. మంద వెంట రోజంతా నడిచే మనిషికి ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పనక్కరలేదు.

సూది వేసుకోవడం నేను చీనీకాయ మీద, అంటే బత్తాయి మీద నేర్పిస్తాను. తిప్పన్న సిరంజి అందుకుని, మందు లాగి, గాలిబుడగను గోటితో తట్టి పైకి పంపి, కాయలోకి నిదానంగా దించాడు. మా నర్సుల్లో కూడా అంత కుదురైన చెయ్యి నేను చూడలేదు. ఇంత బాగా నేర్పిస్తానా అని నా మీద నాకే గౌరవం కలిగింది.

వారం తర్వాత కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు. సంచిలో ఇన్సులిన్ సీసా ఉంది. మూత కూడా ఊడదీయలేదు.

“నొప్పేం ఉండదు తిప్పన్నా, చీమ కుట్టినట్టు ఉంటుంది” అన్నాను.

“ఊ.”

“భయపడితే కాలు పోతుంది.”

“ఊ.”

మా వైపు ‘ఊ’ అంటే ఒప్పుకున్నట్లు కాదు, చెవులు పనిచేస్తున్నాయని మాత్రమే. అది తెలిసి కూడా ఫైల్లో ‘రోగికి సూది నొప్పి అంటే భయం, ధైర్యం చెప్పడమైనది’ అని రాశాను. మరుసటి వారం ఇంకా ఎక్కువ ధైర్యం చెప్పాను. సీసా అలాగే ఉంది.

మూడో వారం భార్య సుంకమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. పుండు ఇంకాస్త లోతయింది. ఇంకో రెండు రోజులు చూసి అనంతపురం పెద్దాసుపత్రికి పంపిస్తానని డాక్టరమ్మ చెప్పారు. అక్కడికి ఎందుకు పంపుతారో ఇద్దరికీ తెలుసు. ఆ రోజు గాలిదుమ్ముకు నా గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. వేడినీళ్లు గుక్కగుక్కగా తాగుతూ కూర్చున్నాను. గదిలో ఆ మౌనం భరించలేక కాబోలు, సుంకమ్మ అందుకుంది.

“ఈయప్పకు సూదంటే బయమని రాసినావంట కదా సారూ. ఈయప్పకేం బయం? మందలో దేనికి బాగలేకున్నా సూది ఏసేది ఈయప్పే. పక్కూరోళ్లు గూడా పిల్సుకపోతారు.”

చీనీకాయ గుర్తొచ్చింది. నా మీద నాకు కలిగిన గౌరవం అక్కడితో సరి. మరి ఎందుకని అడుగుదామంటే గొంతు లేదు. చేత్తో సైగ చేశాను.

తిప్పన్న కదిలాడు. కుర్చీ కింద అట్టముక్క జారింది. వంగి దాన్ని తీసి చేతిలో పట్టుకుని చెప్పాడు.

“గొర్రెకు బాగలేకపోతే ముందు ఆకుపసరు పోస్తాం సార్. దానికి లొంగకుంటే మాత్ర. దానికీ లొంగకుంటే సూది. నేను సూది ఏసినవాట్లో మళ్లా మందలోకి వచ్చినవి శానా తక్కువ. మాత్రలు పనిచేయలా, ఇంక సూదే అని డాక్టరమ్మ అనంగానే నా సంగతి నాకు తెల్సిపాయ. పొయ్యేటోనికి రోజూ పొడుసుకునేది ఎందుకు?”

సుంకమ్మ కూడా ఈ మాట వినడం అదే మొదటిసారి. మొగుడి వైపు తిరిగింది.

“వానల ముందర మందకంతా సూది ఏపిస్తావే, చిటుక రోగానికి. అవన్నీ సచ్చినాయా?”

“అది రోగం రాకముందు ఏసేది.”

“ఇది కాలు పోకముందు ఏసేది. తేడా ఏముండాదో సెప్పు.”

తిప్పన్న ఈసారి ‘ఊ’ అనలేదు. దాన్ని బట్టి నాకు కాస్త ఆశ పుట్టింది.

ఆ రోజే నర్సు ముందర కూర్చుని పొట్ట మీద మొదటి సూది తనే వేసుకున్నాడు. ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి సుంకమ్మ సీసాను చిన్న ముంతలో పెట్టి, ఆ ముంతను నీళ్ల కుండలో ఉంచింది. చక్కెర ఒక్కసారిగా పడిపోతే, దాన్ని మేము హైపో అంటాం, నోట్లో వేసుకోవడానికి మంద వెంట పోయేటప్పుడు జేబులో బెల్లం గడ్డ పెట్టి పంపేది. పుండు మానడానికి వానాకాలమంతా పట్టింది. చిటికెన వేలు పోయింది. పాదం నిలిచింది.

ఆ రోజు నేను చేసిన చికిత్స వేడినీళ్లు తాగడం. ఫైల్లో మాత్రం ‘కౌన్సెలింగ్ ఫలించినది’ అని ఉంది, చేతిరాత నాదే. అప్పటినుంచీ డాక్టరమ్మ ఇన్సులిన్ రాసిన ప్రతివారినీ ముందు ఒకే ప్రశ్న అడుగుతున్నాను: “ఇంతకుముందు సూది వేసుకున్నవాళ్లను ఎవరిని చూశారు?” ఒకామె తల్లి చివరి వారం గురించి చెబుతుంది. ఒకాయన అన్నకు కాలు తీసేసిన సంగతి చెబుతాడు. ఆ తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా మిగలదు. ఆ ప్రశ్న నాకు ఇచ్చిన ఆ దంపతులకు, మా అనంతపురం దుమ్ముకు నేను కృతజ్ఞుణ్ని. ఇందులో వెటకారమేమీ లేదు.

చలికాలం మొదట్లో తిప్పన్న ఆఖరి కట్టు విప్పించుకోవడానికి వచ్చాడు. కాళ్లకు మేమిచ్చిన మెత్తటి చెప్పులున్నాయి. నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు, కుర్చీ ఒరిగింది, లేచాడు. దాన్ని తలకిందులు చేశాడు. సంచిలోంచి పాత టైరు చెప్పు తీసి, కత్తితో మడమ దగ్గర ముక్క కోసి, పొట్టి కాలికి మేకుతో బిగించాడు. మళ్లీ నిలబెట్టి కూర్చుని, అటూ ఇటూ ఊగి చూశాడు. కదల్లేదు.

“ఇన్నేండ్లు జనాన్ని ఆ కుంటి కుర్చీలో కూసోబెట్టి, ధైర్యంగా ఉండమని సెప్తాంటివా సారూ?” అన్నాడు.