నగల డబ్బాలో తాళం చెవి

రిటైర్మెంటుకు ఆరేళ్ళుండగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను మా బ్యాంకు శామీర్‌పేట శాఖకు హెడ్ క్యాషియర్‌గా బదిలీ చేశారు. ఆ రోజుల్లో ఎవరడిగినా "శాఖలో ఉన్న బంగారమంతా నా చేతికిందే" అని చెప్పుకునేవాణ్ణి. దుండిగల్ షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా చెప్పాను. అసలు సంగతేమిటంటే, స్ట్రాంగ్ రూములోని ఇనప బీరువాకు రెండు తాళాలుంటాయి. ఒక చెవి మేనేజర్ మేడమ్ దగ్గర, ఒకటి హెడ్ క్యాషియర్ దగ్గర. ఇద్దరూ నిలబడి తిప్పితేనే తలుపు తెరుచుకుంటుంది. దీన్ని జాయింట్ కస్టడీ అంటారు. కాబట్టి నా చేతికింద ఉన్నది బంగారం కాదు, సగం తాళం.

ఆ బీరువాలో తాకట్టు పొట్లాలుండేవి. గుడ్డ సంచిలో నగలు పెట్టి, మూతి కట్టి, సీలు వేసి, పేరున్న చీటీ తగిలిస్తాం. ఆ జూన్ నెలాఖరుకు ఆ వరసలో ఒక పొట్లం మీద మా ఆవిడ సుగుణ పేరు చేరింది.

మాది బౌరంపేట. ఊరి పేరు చెబితే చాలు, ఎదుటివాళ్ళు నన్ను కిందినుంచి పైదాకా మళ్ళీ చూస్తారు. గేటెడ్ కమ్యూనిటీలు లేచిన ఊళ్ళో నాలాంటి రెడ్డి అంటే కోట్లుంటాయనుకుంటారు. మా బాపు రెండెకరాలమ్మిన మరుసటేడే ధరలు లేచాయని నేను చాలామందికి చెప్పాను. రెండెకరాలు కాదు, ఎకరం కూడా నిండని ముప్పై గుంటలు. ధరలు లేచింది కూడా మరుసటేడు కాదు, చాలా ఏళ్ళకు. అమ్మిన పైసలన్నీ నీళ్ళు పడని బోర్లకే పోయాయి. తర్వాత బాపుకు కిడ్నీలు పాడయ్యాయి. ఊళ్ళో నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి దవాఖానలో కట్టాను. బాపు దక్కలేదు. అప్పు మిగిలింది.

సగం జీతం మిత్తికే పోతున్న రోజుల్లో సుగుణ ఒకనాడు అంది: "బ్యాంకుల పనిజేసుకుంట ఊళ్ళె మూడు రూపాల మిత్తి కట్టుడేందయ్యా? ఎవలన్న వింటే నవ్వుతరు. నా సొమ్ము పెట్టు."

ఆ సొమ్ము నాలుగు గాజులు, ఒక చంద్రహారం. లాల్‌గడి మలక్‌పేటలో వాళ్ళమ్మకు ద్రాక్ష తోట ఉండేది. తోట బాగా కాసిన ఏడు ఆమె బిడ్డకు ఆ హారం చేయించి, బిళ్ళ మీద ద్రాక్ష గుత్తి చెక్కించింది. ఇప్పుడా తోట లేదు, ప్లాట్ల రాళ్ళున్నాయి. తోట గుర్తుగా మిగిలింది ఆ బిళ్ళ ఒక్కటే. అందుకే తాకట్టు కాగితం మీద సంతకం చేస్తూ సుగుణ నన్ను ఒక్కటే అడిగింది: "మల్ల ఇంటికొస్తది గదా?" వస్తదన్నాను. బ్యాంకు ఉద్యోగిని కదా, ఆ మాట ధీమాగానే అన్నాను.

ఖాళీ అయిన నగల డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. నా వాటా తాళం చెవి రాత్రిపూట నాతో ఇంటికి వచ్చేది. దాన్ని ఎక్కడ దాచాలా అని నేను చూస్తుంటే ఆమె ఎర్ర మఖమల్ డబ్బా తెరిచి, హారం పడుకునే గుంటలో చెవిని పెట్టి మూసింది. "సగం మనింట్ల, సగం మేడమ్ ఇంట్ల" అని నవ్వింది.

ఇంటి ఖర్చు ఆమే నడిపింది. నెల మధ్యదాటాక ఇంట్లో "అయిపోయింది" అనే మాట ఎవరూ అనకూడదు. "వచ్చే నెల" అనాలి. మా బిడ్డ శక్కెర డబ్బా తెరిచి "అమ్మా, శక్కెర వచ్చే నెల!" అని అరిచేది. శక్కెర లేని చాయ్‌కి మా ఇంట్లో "వచ్చే నెల చాయ్" అని పేరుపడింది. నా స్కూటర్ పెట్రోలుకు కూడా వచ్చే నెల వచ్చింది. బౌరంపేట నుంచి మేడ్చల్‌కు ఆటో, అక్కడినుంచి శామీర్‌పేటకు బస్సు. డాక్టరు నడవమన్నాడని తోటి ఉద్యోగులకు చెప్పాను. నేను ఏ డాక్టరు దగ్గరికీ పోలేదు.

బంగారం అప్పు ఏడాదికోసారి రెన్యువల్ చేయాలి. అంటే మిత్తి కట్టి, పొట్లాన్ని అప్పు తీసుకున్నవాళ్ళ కళ్ళముందు విప్పి, అప్రైజర్ నగల్ని గీటురాయి మీద గీసి తూకం వేశాక మళ్ళీ సీలు వేయాలి. మా అప్రైజర్ చారి, కంసాలి పని చేసి చేసి వెన్ను వంగిన మనిషి. మొదటి రెన్యువల్ రోజు సుగుణ బ్యాంకుకు పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది.

"ఏంది, పెండ్లికి పోతున్నవా?" అన్నాను.

"నా సొమ్మును సూడనీకొచ్చిన. పాత చీర కట్టుకొనొస్తే అది నన్ను గుర్తువడ్తదా?"

చారి తన సంచిలోంచి అరచేతంత అద్దం తీసి కౌంటర్ మీద నిలబెట్టాడు. "పెట్టుకో చెల్లె. తూకమేసే దాంక నీదే."

"తూకమేసినంక?"

"తూకమేసినంక మీ ఆయన తాళం చెవిది."

ఆమె హారం వేసుకుని, గాజులు తొడుక్కుని ఆ చిన్న అద్దంలో తనను ముక్కలు ముక్కలుగా చూసుకుంది: కాసేపు మెడ, కాసేపు మణికట్టు, చివరికి ద్రాక్ష గుత్తి. లోపలినుంచి మేనేజర్ మేడమ్ వచ్చారు. గుంటూరు వైపు ఆవిడ. "యాదిరెడ్డి గారూ, కాస్త ఆగండి, ఆవిణ్ణి చూసుకోనివ్వండి, కంగారేం లేదు" అన్నారు. పది నిమిషాలు శాఖలో పని ఆగింది. శాఖ మొత్తం లేచి నిలబడిందని తర్వాత నేను బంధువులకు చెప్పాను. లేచి నిలబడింది చారి ఒక్కడే, అదీ నడుము పట్టేసి.

రెండో ఏడూ అలాగే వచ్చింది. నిజం చెప్పాలంటే మే నెల నుంచే నేను ఆ రోజుకోసం ఎదురుచూసేవాణ్ణి. ఇంట్లో మాసిన చీరలో, లెక్కల మధ్య కనిపించే మనిషి ఆ రోజు వేరే మనిషై బస్సు దిగేది.

మూడో ఏడు బంగారం ధర బాగా పెరిగింది. ధర పెరిగితే అదే నగ మీద ఇంకా ఎక్కువ అప్పు ఇవ్వొచ్చు. శాఖలో దీన్ని టాపప్ అనేవాళ్ళం. పై ఆఫీసు నుంచి టార్గెట్ ఉండేది. కాబట్టి రెన్యువల్‌కు వచ్చిన ప్రతి ఒక్కరికీ "ఇంకో లక్ష వస్తది, తీసుకోరాదూ" అని నేనే చెప్పేవాణ్ణి. ఆ చలికాలంలో సుగుణ అన్న కూతురి పెండ్లి ఉంది. పుట్టింటి పెండ్లికి బోసి మెడతో పోవాల్సి వస్తుందని ఆమె దిగులు. నేనొక ఉపాయం ఆలోచించాను. మా పొట్లం మీద టాపప్ తీసుకుని, ఆ డబ్బుతో పెండ్లికి ఒక కొత్త గొలుసు కొనాలి. కాగితాలన్నీ నింపి, సంతకం పెట్టే చోట పెన్సిల్‌తో గుర్తు కూడా పెట్టి ఉంచాను.

హారం మెడలో ఉండగానే ఆమె కాగితం చదివింది.

"ఏంది గిది? పోయినేటికంటే ఎక్కువున్నదేంది?"

చెప్పాను. చెబుతున్నప్పుడు నాకు బాగానే అనిపించింది.

"అంటే గీ బంగారం కుదువపెట్టి గా బంగారం కొంటవ్. మల్ల గా బంగారాన్ని ఎన్నడు కుదువపెడ్తవ్?"

చారి నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. ఆమె నవ్వలేదు. బిళ్ళను గుప్పిట్లో పట్టుకుని, గొంతు తగ్గించి అంది: "ఇంటికొస్తదంటివి. గిట్లయితే ఇంకింత దూరం పోతది."

బ్యాంకు ఉద్యోగంలో అన్నేళ్ళూ నేను టాపప్‌ను రాబడి కిందే లెక్కగట్టాను. దాన్ని దూరం కింద లెక్కగట్టిన మనిషిని అప్పుడే చూశాను.

ఆమె సంతకం పెట్టలేదు. చేతి గాజులు తీసి కౌంటర్ మీద పెట్టింది. వాటి వాటా అప్పు కట్టి విడిపించి, మేడ్చల్‌లో అమ్మి, చేబదులు తీర్చాక మిగిలింది అసలుకు జమ చేయించింది. కట్టాల్సిన డబ్బును ఆ వారం రోజులకు చారే సర్దాడు. నేను సర్దానని మావాళ్ళకు చెప్పాను. హారం మాత్రం మళ్ళీ సంచిలోకి పోయింది.

చలికాలంలో పెండ్లికి పుస్తెలతాడుతో, మట్టిగాజులతో వెళ్ళింది. వాళ్ళ వదిన అందరి ముందే "హారమేదీ సుగుణా?" అంది. ఆమె నన్ను చూపించి, "బ్యాంకుల ఉన్నది వదినా. గీయిన కావలి ఉన్నడు" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి కొద్దిగానే ఉంది. మిగతాదంతా ఆమె గెలుచుకున్నదే.

ఏడాదిన్నర వచ్చే నెలల తర్వాత అప్పు తీరింది. విడిపించుకునే రోజు నేను పెందలాడే వచ్చి చారి అద్దం అడిగి తీసుకున్నాను. ఆమె ఇంట్లో కట్టుకునే చీరతోనే బస్సు దిగింది. తూకం చూసి, సంతకం పెట్టి, హారాన్ని రుమాల్లో మూటకట్టింది. అద్దంవైపు చూడలేదు.

"పెట్టుకోవా?" అన్నాను.

"ఇగ నాదే గదా. ఎప్పుడైన పెట్టుకుంట. ఇంట్ల భయం. లాకర్ ఖాళీ ఉన్నదా?"

ఉంది. అదే స్ట్రాంగ్ రూములో, ఎదుటి గోడకు. హారం ఆ బీరువాలోంచి ఈ లాకర్లోకి మారింది. నేను రిటైరైనా అది అక్కడే ఉంది. ఇప్పుడు ఆమెకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కదు. జూన్ వస్తే, తీసుకొద్దామా అని అడుగుతాను. "పెట్టుకొని యాడికి పోదాం?" అంటుంది. జవాబు నాకు తెలుసు, శామీర్‌పేట బ్యాంకుకు. కానీ ఆ మాట పైకి అనను. అప్పు మళ్ళీ కావాలని ఏ మనిషీ కోరుకోడు. ఆ పది నిమిషాలు మాత్రం కావాలనిపిస్తుంది.

ఈ ఉదంతం వల్ల ఉద్యోగపరంగా తెలిసింది ఇది: తాకట్టు పెట్టిన నగ ధర పెరిగితే అది రాబడి కాదు. దాని మీద పెంచి తీసుకున్న డబ్బు మాత్రం అచ్చంగా అప్పే. ఆ తర్వాత ఖాతాదారులందరికీ ఈ మాటే చెప్పానని వీడ్కోలు సభలో ఉపన్యసించాను. అందరికీ చెప్పలేదు. టార్గెట్ ఉండేది. రెన్యువల్ రోజు మంచి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళకు మాత్రమే చెప్పాను.