వసంతం కంటబడకుండా

ఆ శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఎదురు ఫ్లాట్ బెల్ కొట్టాను. పలుకు లేదు. జెర్సీ సిటీలో మా ఎదురింటి చైనా పెద్దావిడే రెండేళ్ళుగా మా అమ్మాయిని చూసుకునేది. నేను మన్‌హాటన్ నుంచి ట్రైన్ దిగి వచ్చేసరికి తలుపు ఓరగా తీసిపెట్టి ఉంచేది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు చైనీస్ రాదు, అయినా మా మధ్య ఒక్క మాట తేడా రాలేదు. ఆవిడ మాటలు మా అమ్మాయికి మాత్రం వచ్చేశాయి. మా ఆయన ప్రాజెక్టు వేరే రాష్ట్రంలో, షామ్‌బర్గ్‌లో. పిల్ల విషయంలో నాకున్న ధైర్యమల్లా ఆవిడే.

తలుపు కింద వెలుతురు లేదు. టీవీ చప్పుడు లేదు. మా అమ్మాయి బూట్లు మాత్రం గుమ్మం ముందే ఉన్నాయి. ఫోన్ చేశాను. లోపల మోగింది, ఎవరో టక్కున కట్ చేశారు.

తలుపు బాదాను. బాదానంటే అలా ఇలా కాదు, పక్క ఫ్లాట్ ఆయన తల బయటపెట్టి, నన్ను చూసి, మళ్ళీ లోపలికి పోయాడు. "నా పిల్లనేం చేశారు, తలుపు తియ్యండి" అని తెలుగులోనే అరిచాను. ఇక పోలీసులకి ఫోన్ చేయబోతుంటే తలుపు జానెడు తెరుచుకుంది. ఒక చెయ్యి నా కోటు పట్టి లోపలికి లాగి, వెంటనే గడియ పెట్టేసింది.

కర్టెన్లన్నీ మూసి ఉన్నాయి. సోఫా మూల నెత్తి మీదిదాకా దుప్పటి కప్పుకుని మా అమ్మాయి. నేను నోరు తెరిచేలోపే అది పెదవుల మీద వేలు పెట్టింది.

"అమ్మా, మాట్లాడకు. స్ప్రింగ్ వస్తోంది. నేను డాగ్ ఇయర్‌లో పుట్టా కదా, ఈ ఇయర్ డ్రాగన్‌ది. మాకు పడదంట. స్ప్రింగ్ వచ్చేప్పుడు నన్ను ఎవరూ చూడొద్దంట."

వాళ్ళ లెక్కలో ఏడాదికో జంతువని నాకూ తెలుసు. కానీ బయట గడ్డకట్టే చలి. అప్పుడే వసంతమేమిటో, అది నా కూతుర్ని చూడటమేమిటో నాకు మతి పోయింది. పెద్దావిడ గోడ మీది చైనా క్యాలెండర్ చూపించింది, గడియారం చూపించింది. ఇంకాస్తే అన్నట్టు వేళ్ళు దగ్గరకి చేర్చింది. దుప్పటి అంచు లాగి పిల్ల కాళ్ళు కూడా కప్పింది. ఈ భయమంతా నా పిల్ల కోసమే. పిల్ల ఏదో అనబోయింది. నా చెయ్యి దానంతటదే వెళ్ళి దాని నోరు మూసింది.

ఆ వసంతం ఘడియ దాటాక పెద్దావిడ లైట్లు వేసి, పిల్లకి ముల్లంగి ముక్క కొరకమని ఇచ్చింది, ఆ రోజుకి అది వాళ్ళ ఆచారమేమో. అంతలో ఆవిడ కొడుకు వచ్చాడు. సంగతి విని పడీపడీ నవ్వాడు.

"ఆ క్యాలెండర్‌లో ఉన్నది చైనా టైము. మనకి అది పొద్దున అయిదింటికే అయిపోయింది."

నాకు నవ్వు రాలేదు. మొన్నమొన్నటిదాకా హైదరాబాద్ క్యాలెండర్ పెట్టుకుని ఇక్కడ రాహుకాలం చూసుకున్నదాన్ని నేను. అతను అదే మాట వాళ్ళ భాషలో తల్లికి చెప్పాడు. ఆవిడ మొహం పాలిపోయింది. పిల్లని ఒళ్ళోకి లాక్కుని నావైపు చూసి ఏదో అడిగింది.

"పొద్దున అయిదింటప్పుడు పాప ఎక్కడుందని అడుగుతోంది," అన్నాడు కొడుకు.

"నిద్రపోతోందని చెప్పండి. దుప్పటి ముసుగేసుకుని. ఎవరి కంటా పడలేదు," అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. నేను పిల్లని ఎత్తుకుని మా ఫ్లాట్‌లోకి వచ్చిపడ్డాను.

నిజానికి ఆ తెల్లవారుజామున అయిదింటికి మంచు పడుతోందని నన్ను లేపి బాల్కనీలోకి లాక్కెళ్ళింది అదే. చేతులు రెండూ చాచి, వీధి వీధంతా వినపడేలా కేకలు పెట్టింది. ఆ డ్రాగన్ సంవత్సరం గడిచేదాకా అది తుమ్మినా నా గుండె గుభేలుమనేది.