తొమ్మిదో కాలు

ఫిల్మ్ నగర్‌లో సెట్లు కట్టే వడ్రంగి బాల్‌నర్సయ్యది ముప్పై ఏళ్లుగా ఒకటే పద్ధతి. ముందు చీపురు పుల్లలు, దారంతో బుల్లి నమూనా కట్టి, వేలితో నొక్కి చూసి, ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాకే కర్ర కోస్తాడు.

ఆ పద్ధతి మీద పరిశోధన చేస్తున్న ఇంజనీరింగ్ అమ్మాయి వర్ణిక, పుల్లల బాల్కనీ చూసి అడిగింది.

"బాబాయ్, పన్నెండు మంది డ్యాన్సర్లు ఎక్కే బాల్కనీకి ఎనిమిది కాళ్లు చాలంటోంది కంప్యూటర్. మూలన తొమ్మిదోది ఎందుకండీ?"

"నాకేమెరుక బిడ్డా. చెయ్యి పెట్టింది, పెట్టిన. తీసెయ్యాల్నా?"

"ఎందుకో తెలిశాకే తీద్దాం," అంటూ ఆమె తన సీసాలోని మజ్జిగ సగం అతనికి పోసింది.

మజ్జిగ తాగాడేగానీ మనసు కుదురుకోలేదు. కారణం తెలియకుండా ఉంచితే మొండితనం. తీశాక ఎవరైనా పడితే ఆ పాపం తనదే. స్వామిని అడిగినా జవాబు రాలేదు.

అంతలో పక్క సెట్లో "కట్" అన్నారు. అద్దం, గొడుగు, పౌడరు పట్టుకుని ఏడుగురు అక్కడి అరుగెక్కి, మూలనున్న హీరోయిన్ చుట్టూ మూగారు.

"గదిగో బిడ్డా," అన్నాడు బాల్‌నర్సయ్య. "ఆడెటోళ్లను లెక్కవెట్టినవ్. పౌడర్ అద్దెటోళ్లను మరిచినవ్."

వర్ణిక గబగబా రాసుకుంది. "అయితే ఇది ముందే ఆలోచించారా?"

"లేదు. గిప్పుడే ఎరుకైంది."

"మరి కాలు ముందే పెట్టారుగా?"

బాల్‌నర్సయ్య తన అరచేతినే చూసుకున్నాడు. తర్వాత ఆ తొమ్మిదో పుల్లకు ఇంకో దారం చుట్టాడు.