రాబిగ్‌లో మావాడి ఎఫెమెరియా

మా ప్రసాదు తండ్రి కాబోతున్నాడు! పెళ్లయిన తొమ్మిదేళ్లకు! ఈ ఒక్క మాట రాయడానికే మా అమ్మాయి చేత ఈ బ్లాగు తెరిపించాను. అయినా ప్రయాణం సంగతి మొదటి నుంచీ చెబుతాను. విజిట్ వీసా మీద సౌదీలో పిల్లల దగ్గరికి వచ్చే నాలాంటి పెద్దవాళ్లకు పనికొస్తుంది.

మాది చీరాల దగ్గర. ఐదో తరగతి దాకా చదివాను. ఇప్పుడు రియాద్‌లో నర్సుగా పనిచేసే మా అమ్మాయి రూతు ఇంట్లో ఉంటున్నాను. కొడుకు ప్రసాదు, కోడలు గ్రేస్ ఎర్ర సముద్రం ఒడ్డున రాబిగ్‌లో ఉంటారు. వాడక్కడ ఒక ప్లాంటులో ఆపరేటరు. పోయిన వారం రూతు ఫోన్లో గ్రేస్ పంపిన మాట నా చెవిన పడింది: "వదినా, ఆయన ఎఫెమెరియా మారగానే మేమే వస్తాం. అప్పటిదాకా మామయ్య గారికి ఏమీ చెప్పొద్దు."

ఎఫెమెరియా! మలేరియా విన్నాను, డిఫ్తీరియా విన్నాను. ఇదెక్కడి రోగం? "మీ తమ్ముడికి ఏమైందే?" అని అడిగితే, "ఏం కాలేదు నాన్నా" అంటూ రూతు గబుక్కున వంటింట్లోకి పోయింది. ఏమీ కాకపోతే పారిపోవడం దేనికి? నన్ను రాబిగ్ పంపేదాకా అన్నం ముట్టనని కూర్చున్నాను.

పొద్దున ఏడింటి విమానం ఎక్కితే తొమ్మిదికల్లా జెద్దాలో దిగాను. అక్కణ్ణుంచి రాబిగ్‌కు కారులో రెండు గంటల లోపే. మాట్లాడుకున్న కారుకు నాకు మూడు వందల రియాళ్లయింది. కొడుకు ఎదురొస్తాడనుకుంటే, వాణ్ణి రోజూ ప్లాంటుకు తిప్పే డ్రైవరు వచ్చాడు. పేరు మస్తాన్, కడపవాడు. నన్ను చూడగానే నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

దారి పొడవునా ఒక పక్క ఇసుక, ఇంకో పక్క అప్పుడప్పుడు మెరిసే సముద్రం. చూసే మనసెక్కడిది? మస్తాన్ ఫోనెత్తి గొంతు తగ్గించాడు: "లేదన్నా, పెద్దాయనకు నేనేం చెప్పలా."

"ఏం చెప్పలేదయ్యా?" అన్నాను.

"ఏమీ చెప్పలేదనే చెప్తాండా పెద్దాయనా."

రాబిగ్‌లోకి రాగానే మందుల షాపు ముందు ఆపి పెద్ద కవరుతో వచ్చాడు. ఎవరికని అడిగితే, "తెమ్మన్నారు, తెస్తాండా" అన్నాడు. పెట్టెల మీదంతా అరబ్బీ రాతే.

"మస్తాన్, నిజం చెప్పు. ఎఫెమెరియా వచ్చినవాళ్లు బతుకుతారా?"

"అదేం జరమో నేనెరగను. నాకు తెలిసింది షుగరొక్కటే, అది నాకే ఉండాది."

ఇంటికెళ్లేసరికి పదకొండున్నర. పట్టపగలు కిటికీలకు మందపాటి పరదాలు, మావాడు మంచం మీద నిద్ర. నుదురు తాకి చూశాను. చల్లగా ఉంది. గ్రేస్ వైపు తిరిగాను.

"ఈ ఎఫెమెరియా ఎన్నాళ్ల నుంచమ్మా?"

"ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఉన్నదేగా మామయ్య గారూ."

"మందు లేదా?"

"రిటైరైతేనే," అని నవ్వబోయి, నా కళ్లు చూసి ఆ పిల్ల హడలిపోయింది.

నన్ను కూర్చోబెట్టి అంతా చెప్పింది. బైబిల్లో జెకర్యా అబీయా తరగతి యాజకుడు కదా. ఆ తరగతికే గ్రీకులో ఎఫెమెరియా అంటారట. యాజకులను గుంపులుగా విడదీస్తే, ఒక్కో గుంపు వంతు ప్రకారం గుడిలో సేవ చేసేదట. ప్లాంటులోనూ నాలుగు గుంపులు, వంతులవారీ డ్యూటీ. ఈ వారం మావాడిది రాత్రి వంతు, అందుకే ఆ పగటి నిద్ర. గ్రేస్ ఎక్కడో ఆ మాట చదివినప్పటి నుంచి ప్రసాదు షిఫ్టుకు ఇంట్లో అదే పేరు! చిన్నప్పుడు సండే స్కూల్లో నేను, అంత ముసలివాడై ఉండి జెకర్యా ఇంకా ఏ తరగతి చదువుతున్నాడా అనుకునేవాణ్ణి. నా చదువు అక్కడే ఆగింది మరి.

"మరి ఈ మందులు?"

"నాకు. బలానికి. మూడో నెల మామయ్య గారూ. ఈయన షిఫ్టు మారి సెలవు రాగానే రియాద్ వచ్చి మీ ఎదురుగా చెబుదామనుకున్నాం."

ప్లాంటు లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. వంతు ముగించుకుని గేటు బయటికొచ్చి గ్రేస్ మెసేజ్‌లో ఈ కబురు చూసుకున్న మావాడికి, ముసలితనంలో బిడ్డ పుడతాడని గుడిలో దేవదూత చెబితే మూగబోయిన ఆ జెకర్యాకు లాగే మాట రాలేదట. మస్తాన్ కారెక్కి అరగంట సేపు ఉత్త చేతులూపాడట. ఆ చేతులు చూసే మస్తాన్‌కు మా అందరికంటే ముందు తెలిసింది! లేచాక వాణ్ణి కావలించుకుంటే మాట రానిది నాకు.

దారంతా కొడుకు పోతాడని ఏడుస్తూ వెళ్లాను. నా అనుమానంతో ఆ పిల్లలు దాచుకున్న ముచ్చట పాడుచేశానని సిగ్గుగా ఉంది. అయినా, మళ్లీ అదే మాట వింటే మళ్లీ పరిగెత్తుతాను. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: షిఫ్టు డ్యూటీ చేసే పిల్లల దగ్గరికి తేదీ చూసుకుని కాదు, వాళ్ల వంతు ఎప్పుడో అడిగి టికెట్టు కొనండి. లేకపోతే నిద్రపోయే కొడుకునే చూస్తారు.

ఇది చదివినవాళ్లు చెప్పాల్సినవాళ్లు: బాపట్లలో మా అన్నయ్య, ఒంగోలులో గ్రేస్ వాళ్ల అమ్మానాన్నలు (వాళ్లకు తెలుసట, అయినా మళ్లీ చెప్పండి), తెనాలిలో ప్రసాదు మేనమామ, పర్చూరు బావగారు. చీరాలలో మా చిన్నక్కకు మాత్రం ఎవరూ చెప్పొద్దు. తొమ్మిదేళ్లుగా ఫోన్ చేసిన ప్రతిసారీ "ఏమన్నా విశేషమా?" అని ఆ పిల్లను అడుగుతూనే ఉంది. ఆమెకు గ్రేస్ చేతే చెప్పిస్తాను.